ట్యాంకులో ఏదో ఉంది

ఆక్సిజన్ వాడకం తగ్గుతోంది. వాల్వు ఎవరూ తిప్పలేదు. పైపు ఎక్కడా మూసుకుపోలేదు. ట్యాంకులోని కణాలే గాలి అడగడం మానేశాయి.

ఊరు బోస్టన్. సంవత్సరం 2008. చార్లెస్ నది ఒడ్డున, ఆల్‌స్టన్ అనే పేటలో ఇటుకల భవనం. జెన్‌జైమ్ కంపెనీ మందుల ప్లాంటు. బయట మంచు కురిసినా, ఎండ మాడ్చినా లోపల మాత్రం ఒకటే ఋతువు. చెప్పులు మార్చి, చేతులు కడుక్కుని, తలకి టోపీ, మూతికి మాస్కు, ఒంటికి తొడుగు, చేతులకి గ్లవ్స్ బిగించుకుని, ఒక తలుపు మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోని ఇరుకు గది దాటి, వడగట్టిన గాలి హోరులోకి, తెల్లటి లైట్ల కిందికి అడుగుపెట్టిన ఆపరేటర్‌కి ఎదురయ్యేది తలెత్తి చూడాల్సినంత స్టీలు ట్యాంకు. బయోరియాక్టర్. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. కనపడేవల్లా స్క్రీన్ మీది గీతలు. అందులో ఒకటి కిందికి వాలుతోంది.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు ప్రోబ్‌లనే అనుమానిస్తారు. పీహెచ్ ప్రోబ్ గాజుది. రోజులు గడిచేకొద్దీ అబద్ధాలు నేర్చుకుంటుంది. ఆక్సిజన్ ప్రోబ్ కొన మీద కణాలు పేరుకుంటే అదీ తప్పే చెబుతుంది. అందుకే శాంపిల్ తీస్తారు. వాల్వుకి ఆవిరి పట్టించి, చల్లారనిచ్చి, కాస్త ద్రవం సీసాలోకి పట్టి, బయట ఇంకో మీటరుతో సరిచూస్తారు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. సరే. పీహెచ్ 7కి అటూ ఇటూ. సరే. కలియతిప్పే రెక్కలు తిరుగుతున్నాయి. ఓ-రింగుల్లో లీకు లేదు. గాలి బయటికి పోయే ఫిల్టరు నురగకి తడవలేదు. యంత్రం తప్పేమీ కనపడలేదు. అసలు భయం అక్కడే మొదలవుతుంది.

ఒక చుక్క స్లైడు మీదికి. అందులో నీలి రంగు. బతికున్న కణం ఆ రంగుని లోపలికి రానివ్వదు, గుండ్రంగా మెరుస్తుంది. చచ్చినదానికి ఆపే ఓపిక ఉండదు, నీలంగా మారిపోతుంది. మైక్రోస్కోపు కింద నీలం ఎక్కువవుతోంది. పోసిన గ్లూకోజ్ పోసినట్టే ఉంటోంది. తినేవాళ్లు తగ్గిపోతున్నారు. చంపుతున్నదెవరు?

మొదటి అనుమానం బ్యాక్టీరియా మీదే. కానీ బ్యాక్టీరియా చొరబడితే దోపిడీ దొంగలు పడ్డ ఇంట్లోలా అంతా రభసే. గంటల్లో ద్రవం మురికిదేరుతుంది. ఆక్సిజన్ అట్టడుక్కి పోతుంది. పీహెచ్ కూలిపోతుంది. శాంపిల్ సీసా తెరిస్తే వాసన గుప్పుమంటుంది. ఇక్కడ అవేవీ లేవు. వైరస్‌ల కోసం మామూలుగా చేసే పరీక్షలూ ఏమీ లేదనే చెప్పాయి. దిగుబడి మాత్రం పడిపోయింది. అదే ఏడాది అట్లాంటిక్ అవతల, బెల్జియంలోని గీల్‌లో ఉన్న ఇదే కంపెనీ ప్లాంటులో కూడా అచ్చం ఇదే జరిగింది. రెండు ఖండాలు. ఒకటే చావు. దొంగ జాడ మాత్రం లేదు.

ఇంతకీ ఆ చస్తున్న కణాలు ఎక్కడివి?

1948 డిసెంబరు. చైనాలో అంతర్యుద్ధం. కమ్యూనిస్టు సేనలు దగ్గరపడుతున్నాయి. నాన్‌జింగ్‌లో హు అనే డాక్టరు 10 మగ, 10 ఆడ హామ్‌స్టర్లని పెట్టెలో సర్ది, రాబర్ట్ వాట్సన్ అనే అమెరికన్ డాక్టరు చేతికిచ్చారు. గుప్పిట్లో పట్టే ఎలుక జాతి ప్రాణులు. షాంఘై నుంచి లేచిన చివరి పాన్ యామ్ విమానాల్లో ఒకదాంట్లో ఆ పెట్టె దేశం దాటింది. వాటి సంతతిలో ఒక ఆడ హామ్‌స్టర్ అండాశయం నుంచి 1957లో థియోడోర్ పక్ అనే శాస్త్రవేత్త కణాలు తీసి పెంచారు. ఆ హామ్‌స్టర్ ఎప్పుడో పోయింది. కణాలు పోలేదు. ఒకటి రెండై, రెండు నాలుగై ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతూనే ఉన్నాయి. వాటిలోకి మనిషి జన్యువు ఒకటి ఎక్కిస్తే చాలు, మనిషికి కావాల్సిన ఎంజైమ్‌ని చేసి ద్రవంలోకి వదులుతాయి.

ఆల్‌స్టన్‌లో అప్పట్లో అవి చేసిపెట్టే మందుల్లో ముఖ్యమైనవి రెండు. గోషే జబ్బుకి సెరిజైమ్. ఫాబ్రీ జబ్బుకి ఫాబ్రజైమ్. గోషే రోగి ఒంట్లో ఒక రకం కొవ్వుని విరిచే ఎంజైమ్ సరిగా ఉండదు. ఆ కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, ఎముక మూలుగులో పేరుకుంటుంది. పొట్ట ఉబ్బుతుంది, నెత్తురు పలచబడుతుంది, ఎముకలు సలుపుతాయి, విరుగుతాయి. ఫాబ్రీ రోగికి అరచేతులూ అరికాళ్లూ భగభగ మండుతాయి. ఏళ్లు గడిస్తే కిడ్నీలు, గుండె దెబ్బతింటాయి. రెండు వారాలకోసారి నరంలోకి మందు ఎక్కించుకుంటూ ఉండాలి, బతికినన్నాళ్లూ. 1991లో గోషేకి మొదటి మందు వచ్చినప్పుడు దాన్ని కాన్పుల్లో పడే మాయల నుంచి తీసేవారు. ఒక్క రోగికి ఏడాదికి సరిపడా మందు కావాలంటే వేల మాయలు కావాలి. 1994 నుంచి ఆ బరువు హామ్‌స్టర్ కణాలు ఎత్తుకున్నాయి. అప్పట్లో రోగికి ఏడాదికి సుమారు రెండు లక్షల డాలర్ల ఖర్చు. రెండు మందులూ కలిపి ప్రపంచం మొత్తం మీద సుమారు 8,000 మంది. అందరికీ ఆధారం నది ఒడ్డున ఉన్న ఆ ఒక్క భవనం.

2009 జూన్. మళ్లీ కణాలు నీరసించాయి. ఆరు ట్యాంకుల్లో ఒకదాంట్లో.

ఈసారి వేట తీరు మారింది. ఏదో ఒకటి పడుతుందిలే అని వల వేయలేదు. ఒక్క పేరు పట్టుకుని, దాన్ని మాత్రమే పసిగట్టే పరీక్ష తయారుచేసుకున్నారు. పడింది. వెసివైరస్ 2117.

శాస్త్రానికి అది కొత్త కాదు. 2003లోనే ఒక పరిశోధక బృందం ఇలాంటి హామ్‌స్టర్ కణాల్లో దాన్ని పట్టుకుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదని పత్రం పేరులోనే రాసుకుంది. దాని కుటుంబం వైరస్‌లు 40 నానోమీటర్లకి మించవు. పోషక ద్రవాన్ని శుద్ధిచేసే ఫిల్టరు రంధ్రం సాధారణంగా 200 నానోమీటర్లు. నాలుగు వైరస్‌లు పక్కపక్కన నడిచినా దాటిపోవచ్చు. మనుషులకి సోకినట్టు దాఖలా లేదు. హామ్‌స్టర్ కణాలకి మాత్రం యముడు. పాత శాంపిళ్ల లెక్క కూడా అప్పుడే తేలింది: 2008లో ఆల్‌స్టన్‌లోనూ, గీల్‌లోనూ చంపింది ఇదే.

మరి లోపలికి ఎలా దూరింది? బ్యాచ్‌కి ముందు ట్యాంకుని 121 డిగ్రీల ఆవిరితో ఉడికించినంత పని చేస్తారు. ఆ దెబ్బకి ఏదీ మిగలదు. అనుమానమంతా ఆవిరి పట్టని దాని మీదికే పోయింది. కణాల తిండి మీదికి. పోషకాల్లో ఒకదానితో పాటే వచ్చి ఉంటుందని కంపెనీ చెప్పింది. ఈ రంగంలో దూడ రక్తం నుంచి తీసే సీరం ఏనాటి నుంచో అనుమానితురాలే. మరిగిస్తే సీరం పాడవుతుంది. వడగడితే వైరస్ జారిపోతుంది. ప్రాణం పోసే చేత్తోనే ప్రాణం తీసేదీ లోపలికి వెళ్లింది.

ఇప్పుడేం చేయాలి? ఒక్క ట్యాంకు ఆపి మిగతా అయిదూ నడిపిస్తే మందు వస్తూనే ఉంటుంది. కానీ ఆ వైరస్ ఏ పైపులో, ఏ అంచు మీద, ఏ గ్లవ్స్ మీద కూర్చుని ఉందో? జూన్ 16న కంపెనీ ప్రకటించింది. ఆల్‌స్టన్‌లో ఉత్పత్తి ఆపేస్తున్నాం.

మోటార్ల హోరు ఆగింది. గదులకి గదులే సీలు చేసి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి నింపారు. గోడలు, కప్పు, పైపుల వంపులు, దేన్నీ వదల్లేదు. కొన్ని వారాల్లో తిరిగి మొదలుపెడతామని చెప్పారు. శుభ్రం చేయడం అయ్యే పనే. కానీ ట్యాంకు శుభ్రమైనంత మాత్రాన మందు రాదు. ద్రవ నత్రజనిలో గడ్డకట్టిన చిన్న సీసాని బయటికి తీయాలి. గోరువెచ్చని నీళ్లలో కరిగించాలి. ఫ్లాస్కులోకి పోయాలి. కణాలు దాదాపు రోజుకి రెట్టింపవుతాయి. నిండగానే పెద్ద ఫ్లాస్కు, ఆపైన చిన్న బయోరియాక్టర్, ఆ తర్వాత పెద్దది. తర్వాత మందుని వేరుచేసి, శుద్ధిచేసి, సీసాల్లోకి నింపి, పరీక్షలు దాటించాలి. తొందరపెడితే కణం వినదు. గోడౌన్లో నిల్వ కరిగిపోతోంది. క్యాలెండరు మాత్రం ఆగదు.

రోగుల ఇళ్లకి ఉత్తరాలు వెళ్లాయి. మోతాదు తగ్గించుకోండి. వీలైనవాళ్లు కొన్నిసార్లు మానుకోండి. పిల్లలకీ, జబ్బు ముదిరినవాళ్లకీ ముందు. ఇంకా అనుమతి రాని పోటీ కంపెనీల మందుల్ని గోషే రోగులకి ప్రత్యేక ఏర్పాటు కింద ఇచ్చేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దారి తెరిచింది. అందులో షైర్ కంపెనీ మందుకి 2010 ఫిబ్రవరిలో పూర్తి అనుమతి వచ్చింది. ఇంకోదాన్ని ఇజ్రాయెల్‌లో ప్రొటాలిక్స్ కంపెనీ క్యారెట్ కణాల్లో పెంచుతోంది. హామ్‌స్టర్ కణాల్ని చంపే వైరస్‌కి క్యారెట్‌తో పనేముంది! గోషే రోగులకి ఊపిరాడింది. అమెరికాలో ఉన్న ఫాబ్రీ రోగులకి మాత్రం అనుమతి ఉన్న రెండో మందే లేదు.

కష్టాలు వరస కట్టాయి. 2009 నవంబరులో ఆల్‌స్టన్ నుంచి వచ్చిన కొన్ని సీసాల్లో స్టీలు రేణువులు, రబ్బరు ముక్కలు, పోగుల్లాంటివి కనిపించాయని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2010 మార్చిలో కరెంటు పోయి ప్లాంటు మళ్లీ ఆగింది. మే నెలలో కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం మీద సంతకం పెట్టి 17.5 కోట్ల డాలర్లు కట్టింది. ఇక నుంచి తయారీ బయటి నిపుణుల కాపలాలో. వైరస్ ఒక్కటే అయితే దాన్ని దురదృష్టం అనొచ్చు. రబ్బరు ముక్కలకి ఏ పేరు పెట్టాలి?

ఈలోగా ఫాబ్రీ రోగుల ఒంట్లోకి వెళ్తున్న మందు పూర్తి మోతాదులో మూడోవంతు కూడా లేదు. మంటలు తిరగబెట్టాయి. 2010 ఆగస్టులో కొందరు రోగులు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తలుపు తట్టారు. ప్రజల సొమ్ముతో జరిగిన పరిశోధన నుంచి పుట్టిన మందు ఇది, వేరేవాళ్లకి కూడా చేసుకునే హక్కు ఇవ్వండని వేడుకున్నారు. డిసెంబరులో జవాబు వచ్చింది. కుదరదు. కొత్త కంపెనీ ఈ రోజు మొదలుపెట్టినా మందు చేతికొచ్చేసరికి ఏళ్లు పడుతుందన్నది వాళ్ల వాదన. మోతాదు తగ్గినవాళ్లలో ఇబ్బందులు పెరుగుతున్నాయని ఐరోపా మందుల సంస్థ కూడా అదే ఏడాది గుర్తించి, వీలైన చోట పూర్తి మోతాదుకి వెళ్లమంది. వెళ్లడానికి మందేదీ?

ట్యాంకు తన పని తాను చేసింది. వేడి తప్పలేదు, గాలి తప్పలేదు, రెక్కలు ఆగలేదు. తప్పు ట్యాంకుది కాదు. రెండు జబ్బుల మందునంతా ఒకే కప్పు కింద పెట్టి, గోడౌన్‌లో చాలినంత నిల్వ ఉంచుకోని లెక్కది. 2011లో జెన్‌జైమ్‌ని ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ 2,000 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొనేసింది. బోస్టన్‌కి పడమరగా ఫ్రేమింగ్‌హామ్‌లో కట్టిన కొత్త ప్లాంటులో ఫాబ్రజైమ్ తయారీకి 2012 జనవరిలో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఆల్‌స్టన్ ఆగిన రోజు నుంచి అప్పటికి రెండున్నరేళ్లు దాటింది.