గీత, చుక్క: తిరుపతి లోహపు పని

తిరుమల మహాద్వారం దాటగానే కృష్ణరాయ మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహపు బొమ్మలుగా చేతులు జోడించి నిలబడి ఉంటారు. వెనకవాళ్ల తోపుడులో అక్కడ అరనిమిషం ఆగడమే గొప్ప. ఆ అరనిమిషం ముఖాల మీద పెట్టకండి. రాణుల చీర అంచులు చూడండి, మెడలో హారాలు చూడండి. రేకును వెనకనుంచి కొట్టి ఉబ్బించి, ముందునుంచి సన్నపు చీరణంతో దిద్దిన పని అది. గుడ్డ మడత ఎక్కడ, నగ ఎక్కడ అన్నది గీతల తేడాతోనే తెలుస్తుంది. ఎవరి బొమ్మ ఏదో తెలిసేలా భుజాల మీద పేర్లు కూడా చెక్కారు. రాయలు 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు కొండకు వచ్చాడు. కిరీటాలు, హారాలు, వెండి హారతి పళ్లేలు ఇచ్చాడు. ఇచ్చిన రాజు పేరు శాసనాల్లో ఉంది. ఆ నగలకు గీత గీసిన ఆచారి పేరు మాత్రం ఎక్కడా కనపడదు.

మా ఊరి చరిత్ర అంటే రాతి శాసనాల చరిత్ర అయిపోయింది. వాటిని దేవస్థానం 1930లలోనే సంపుటాలుగా అచ్చువేయించింది. చాలా మేలు జరిగింది, కాదనను. కానీ ఆ రాళ్ల మీద రాసిందేమిటి? దానాల లెక్కలే, వాటిలో నగలవి కూడా. క్రీ.శ. 966లో సామవై అనే పల్లవ రాణి వెండి భోగ శ్రీనివాసమూర్తిని చేయించి ఇచ్చింది. ఏకాంత సేవ ఇప్పటికీ ఆ మూర్తికే. కిరీటం మొదలు పాదాల తొడుగుల దాకా ఏయే నగ పెట్టిందో ఆమె శాసనం వరుసగా చెబుతుంది. బంగారం తూకం రాశారు, రాళ్లు ఎన్నో రాశారు. పనితనం గురించి అడిగితే రాయి పలకదు.

పనితనం చూడాలంటే తాళ్లపాక వారి రాగిరేకుల దగ్గరికి పోవాలి. అన్నమయ్య (1408–1503) పాటలను కొడుకు పెద తిరుమలాచార్యుడు రేకుల మీద చెక్కించి గుడిలోనే సంకీర్తన భాండాగారంలో దాచాడు. రెండు వేలకు పైగా రేకులు. 20వ శతాబ్దంలో అవి బయటికి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి వారు చదివి పరిష్కరించారు. నేటికీ అచ్చు పుస్తకంలో పాట పక్కన రేకు నంబరు ఉంటుంది. పాడేవాళ్లు సాహిత్యం చూస్తారు, పండితులు పాఠాంతరాలు చూస్తారు. నాకు మాత్రం తెలుగు అక్షరం గుండ్రదనం మీద కన్ను పోతుంది. రాగి మెత్తనిదే, అయినా గుండ్రంగా గీయడం కష్టం. ఉలి నేరుగా పోతానంటుంది, ఒంపు దగ్గర రేకునే తిప్పాలి. తప్పు పడితే తుడిచే వీలు లేదు, ఆ చోటును కొట్టి సమం చేసి మళ్లీ గీయాలి. అన్నేసి పాటలు చెక్కిన చేతులు ఈ కొండ మీద గానీ కింద గానీ పనిచేసినవే కదా. తలకట్టు ఒంపు తిప్పగలిగినవాడికి ఒడ్డాణం మీద తీగ ఒంపు ఒక లెక్కా?

బంగారం దగ్గరకొస్తే ఇంకో చిక్కు. గీత గీస్తే పొడి లేస్తుంది, పొడి లేస్తే తూకం తగ్గుతుంది. కంసాలి ఇంటి బూడిద, మట్టి కొనుక్కుపోయి కడిగి బంగారం తీసే జలగడుగువాళ్లు బతికింది ఆ పొడి మీదే. అందుకని తవ్వే పనికంటే నొక్కే పని పెరిగింది. నగను వేడిచేసిన లక్కలో అమర్చుతారు. లక్క చల్లారి పట్టు దొరికాక, మొన మొద్దుగా ఉన్న సన్నపు చీరణాలతో చిన్న సుత్తి దెబ్బలు వేస్తారు. లోహం పక్కకు జరుగుతుంది, పోదు. ఒక్కో చీరణానికి ఒక్కో మొన: చుక్క, సున్న, నెలవంక, అడ్డగీత. చాలామంది ఆచారులు పాత ఆకురాళ్లను అరగదీసి తమకు కావలసిన మొన తామే చేసుకుంటారు. కాబట్టి ఒకరి చుక్క ఇంకొకరి చుక్కలా ఉండదు.

లక్ష్మీదేవి బిళ్ల ఏదైనా తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. అమ్మవారి చుట్టూ ఖాళీ వదలరు. రవ్వ చల్లినట్టు చుక్కలు నింపుతారు. ఆ గరుకు నేల మీద వెలుగు చెదిరిపోతుంది, నునుపుగా మిగిల్చిన బుగ్గ, చెయ్యి మెరుస్తాయి. ఇప్పుడు దుకాణాల్లో నక్షీ అని మజూరీ ఎక్కువ అడిగే పని ఇదే. అడిగితే ఇవ్వాల్సిందే. ఎటొచ్చీ అచ్చులో పోసిన బిళ్లకు కూడా ఆ పేరే పెట్టి అమ్మడం నాకు నచ్చదు. పోత పోసినదాంట్లో చుక్కలన్నీ మెత్తగా, అంచులు అరిగినట్టు ఉంటాయి. చేత్తో కొట్టినదాంట్లో చుక్క అంచు చురుగ్గా ఉంటుంది, వరుస కాస్త అటూ ఇటూ పోతుంది.

శ్రీవారి డాలర్ల సంగతి వేరు. వాటికి గీతలన్నీ ఉక్కు అచ్చులో ఒకసారే చెక్కుతారు, తర్వాత ముద్ర కొట్టడమే. వేల మందికి ఒకే రూపం అందాలంటే అదే దారి, దాన్ని తప్పు పట్టను. పాత్రల దుకాణాల ముందు కరెంటు కలంతో గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్లు మరో రకం. గృహప్రవేశం ముందురోజు వంద గిన్నెల మీద ఇంటిపేరు, తేదీ కాగితం మీద రాసినంత వేగంగా రాసి ఇస్తారు. వాళ్లను ఎవరూ శిల్పులు అనరు. నా లెక్కలో వాళ్లూ రేకుల వారసులే.

తిరుపతిలో దేవస్థానం నడిపే శిల్ప కళాశాలలో రాయి, సుధ, కొయ్యతో పాటు లోహశిల్పం కూడా నేర్పుతారు. విగ్రహానికి బడి ఉంది. నగ మీద గీతకు మాత్రం కంసాలి ఇంటి అరుగే ఇప్పటికీ బడి. ఆ అరుగులు తగ్గిపోతున్నాయి. గాంధీ రోడ్డులో తిరిగితే అద్దాల దుకాణాలే ఎక్కువ కనిపిస్తాయి, కుంపటి కనపడదు.

పాత నగలు కూడా ఉండటం లేదు. అవ్వ ఇచ్చిన వంకీ, జడబిళ్ల తీసుకుపోయి సవర్ల లెక్కన తూచి, కరిగించి కొత్తది తెచ్చుకుంటున్నాం. అవసరానికి కరిగించక తప్పదు. కాకపోతే కరిగించేముందు ఫోన్‌తో దగ్గరగా, పక్కనుంచి వెలుతురు పడేలా నాలుగు ఫొటోలు తీయండి. వెనక వైపు కూడా. ఎవరు చేశారో, ఏ ఊళ్లోనో పెద్దవాళ్లను అడిగి కింద రాసి పెట్టండి.