గుంపుగా వచ్చితిమి, పేరు పేరున పిలువబడితిమి

మన రెంటచింతల ఎండలకు పేరు మోసిన ఊరు. ఇట్టి ఎండలు గల పల్నాటికే 1849లో ఫాదర్ హయ్యరుగారు గుంటూరునుండి వచ్చి, గురజాలలో కాపురముండి సువార్తపని సాగించిరి. తరువాతి తరములలో తెలుగు సంఘములు ఎక్కువగా పల్లెలు పల్లెలుగా, గూడెములు గూడెములుగా పెరిగినవి. పెద్ద ఒప్పుకొనిన, పల్లె ఒప్పుకొనినట్లే.

ఇట్లు వచ్చినవారికి పాపమును గూర్చిన వ్యక్తిగతమైన ఎరుక ఎక్కడిదని కొందరు అడుగుదురు. మేము ఆ మాట పూర్తిగా ఒప్పుకొనము. కూలి పోయి, బావి పోయి ఒంటరిగా నిలువలేనివాడు బంధువుల చేయి పట్టుకొని వచ్చుట పిరికితనమనలేము.

పొరుగున ఒంగోలు చరిత్ర చూడుడి. 1876-78 నాటి కరవులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. ఆ కాలములో బాప్తిస్మము కోరినవారిని ఆపి ఉంచిరి. గంజికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదని వారి తలంపు. కరవు పని ముగిసిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు ఇచ్చిరి. ఆ సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొందుము. మాకు మాత్రము గట్టున పేర్లు చదువుచుండగా ఒక్కొక్కరు నీటిలోనికి దిగుటయే ముఖ్యముగా తోచుచున్నది. అక్కడ పెద్ద తన పల్లెవారందరి బదులు మునుగలేదు.

ఈ సంగతి పల్నాటిలో మరవరానిది. మన ఊళ్లలో పార్టీ తగాదాలు క్రొత్త కాదు. కేసు వచ్చిననాడు చూడనిది చూచితినని కోర్టులో చెప్పినవానిని అడుగగా, "మా పెద్ద చెప్పమన్నాడు, అయ్యగారూ" అనును. ఆ ఆదివారమే ప్రభు బల్లకును వచ్చును. కట్నము సంగతియు ఇంతే. పెండ్లికుమారునికి ఏమియు తెలియదట! తండ్రి దోషము కుమారునిపై, కుమారుని దోషము తండ్రిపై వేయరాదని యెహెజ్కేలు 18వ అధ్యాయము ఎంత స్పష్టముగా చెప్పుచున్నదో ఇంటియొద్ద చదువుకొనుడి. పార్టీ పెద్దకును ఆ అధ్యాయములో చోటు లేదు.

ఆరాధనలో పాపపు ఒప్పుకోలును "మేము" అని అందరము కలిసి చెప్పుదుము. కలిసి చెప్పునప్పుడు దాగుకొనుట సులభము. అందుచేత దానికి ముందు ఒక నిమిషము మౌనముగా ఉండు అలవాటు చేసితిమి. ఆ నిమిషము కొందరికి చాల పొడవుగా తోచును గాబోలు, దగ్గులు వినబడును. దానిని తగ్గించుమని పెద్దలు ఇద్దరు ముగ్గురు అడిగిరి. ఇంకను తగ్గించలేదు.