పాత కారూ, పొగ పన్నూ



కార్ల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకులే అనుకుంటున్నారా? నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకునేదాన్ని. 2023లో మావారు ఒక పాత చిన్న కారు కొన్నారు. 2009లో రిజిస్టరయిన బండి, ధర 90 వేలు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. కావలి నుంచి నెల్లూరు ఆస్పత్రికి సుమారు 50 కిలోమీటర్లు. ఆవిణ్ణి బస్సెక్కించడం, దించడం మావల్ల కాలేదు. నా చీటీపాట డబ్బు కూడా అందులో కలిసింది గనుక కారు మీద నాకూ వాటా ఉందని మురిసిపోయాను.

ఏడాది తిరిగేసరికి బండికి 15 ఏళ్ళు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించడానికి 5 వేలన్నారు, గ్రీన్ టాక్స్ మరో 5 వేలన్నారు. బ్రేకిన్‌స్పెక్టరుకు చూపించే ముందు మెకానిక్కుకు పోసినదీ, రంగు వేయించినదీ వేరే లెక్క. "ఇదేమి పన్నండీ?" అంటే, "పాత బండి కదమ్మా, పొగ పన్ను" అన్నారు. అమ్మినాయన ఈ మాట చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇంతకీ ఈ పొగ పన్ను ఎక్కడ పుట్టిందని కూపీ తీస్తే పెద్ద కథే బయటపడింది. అదే ఈవేళ మీకు చెబుతాను.

మొదట పుట్టింది పొగ మీద పన్ను కాదు, రద్దీ మీద పన్ను. 1975లో సింగపూరు వాళ్ళు పొద్దుటి పూట ఊరి నడిబొడ్డుకు వచ్చే కార్ల నుంచి రోజుకు 3 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. లండన్ నగరం 2003 ఫిబ్రవరి 17న ఆ దారి పట్టింది. అక్కడ రోజుకు 5 పౌన్లు. తర్వాత 2008లో ఇటలీలోని మిలాన్ నగరం ఒక మెలిక పెట్టింది. శుభ్రమైన బండి అయితే ఊరికే రానిచ్చారు. పొగ ఎక్కువ వదిలే తరగతి బండి అయితే రోజుకు 10 యూరోల దాకా తీసుకున్నారు. పొగను బట్టి పన్ను అన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

2019 ఏప్రిల్ 8న లండన్ కూడా పొగ పన్ను వేసింది. పాత ప్రమాణాల కారు ఆ హద్దులోకి వస్తే రోజుకు 12 పౌన్ల 50 పెన్నీలు. పెట్రోలు కార్లలో దాదాపు 2006కు ముందువీ, డీజిలు కార్లలో దాదాపు 2015కు ముందువీ ఇందులో చిక్కుకున్నాయి. 2021లో హద్దు పెంచారు. మన తెలుగువాళ్ళు ఎందరో ఉండే ఈస్ట్ హామ్ అప్పుడే అందులోకి వచ్చింది. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ అంతటికీ వర్తించింది.

అక్కడ ఎవరికి ఎక్కువ బరువయిందో చూడండి. కొత్త కారు కొనగలిగినవాళ్ళకు చిల్లిగవ్వ ఖర్చు లేదు. పాత డీజిలు కారుతో బతుకు బండి లాగేవాళ్ళకే రోజూ వాత. పైగా అర్ధరాత్రి దాటితే ఇంకో రోజు లెక్క. రాత్రి డ్యూటీకి వెళ్ళి తెల్లారి ఇంటికొచ్చే నర్సమ్మ ఒక్క డ్యూటీకి రెండు రోజుల పన్ను కట్టాలి. 2001లో అక్కడి ప్రభుత్వమే బొగ్గుపులుసు వాయువు తక్కువ వదిలే కార్లకు పన్ను తగ్గించింది. దాంతో జనం డీజిలు కార్ల మీదికి మొగ్గారు. తీరా కొన్నాక అవే దోషులయ్యాయి. 40 ఏళ్ళు దాటిన ముచ్చట కార్లకు మాత్రం మినహాయింపు! చివరికి పాత కారు తుక్కుకిస్తే 2,000 పౌన్లు ఇస్తామన్నారు. మొదట కొందరికే ఇచ్చి, 2023 ఆగస్టులో లండన్ వాసులందరికీ వర్తింపజేశారు.

అలాగని ఈ పన్ను పెట్టినవాళ్ళందరూ దుర్మార్గులని అనలేను. లండన్‌లో రద్దీ రోడ్డు పక్కన ఎల్లా అనే పిల్ల ఉండేది. ఉబ్బసంతో 2013లో తొమ్మిదేళ్ళకే కన్నుమూసింది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే, ఆ మరణానికి వాయు కాలుష్యం కూడా ఒక కారణమని 2020 డిసెంబరులో విచారణాధికారి తేల్చారు. బ్రిటన్‌లో అలా రాయడం అదే మొదలు. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి ఎదుట "నా కారుకు 10 వేలు ఖర్చయింది" అనడానికి నాకు నోరు రాదు.

ఇక మన దేశానికి వద్దాం. ఢిల్లీలో 15 ఏళ్ళు దాటిన బళ్ళు తిరగకూడదని 2014లోనూ, డీజిలు బళ్ళకయితే 10 ఏళ్ళేనని 2015లోనూ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు సరేనంది. 2025 జులై 1న అటువంటి బళ్ళకు బంకుల్లో పెట్రోలే పోయవద్దన్నారు. జనం గగ్గోలు పెడితే కొద్ది రోజులకే వెనక్కు తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద చర్య వద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆ పైన ప్రమాణాల బళ్ళకే ఉంచింది. బీఎస్ అంటే బండి ఎంత పొగ వదలవచ్చో చెప్పే కొలత. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచీ, బీఎస్-6 2020 ఏప్రిల్ నుంచీ అమలయ్యాయి.

మన ఉమ్మడి రాష్ట్రంలో గ్రీన్ టాక్స్ 2006లో వచ్చింది. 15 ఏళ్ళు దాటిన కారుకు అయిదేళ్ళకు 500 రూపాయలు, మోటారు సైకిలుకు 250. పండక్కి ఒక చీర ఖర్చు, ఎవరూ పట్టించుకోలేదు. 2022 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ 500 కాస్తా 5 వేలయింది. 20 ఏళ్ళు దాటితే 10 వేలు. స్కూటర్లకు 2 వేలు, 5 వేలు. అదే ఏడు ఏప్రిల్‌లో కేంద్రం కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును 600 నుంచి 5 వేలకు పెంచింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కారుకు దాన్ని 10 వేలు చేసింది. అంటే 20 ఏళ్ళ కారును ఇంకా ఉంచుకోవాలంటే ఈ రెండింటికే 20 వేలు! లారీల వాళ్ళకు సంఘాలున్నాయి. వాళ్ళు మొరపెట్టుకుంటే 2025లో సరుకు బళ్ళకు గ్రీన్ టాక్స్ తగ్గించారు. పాత కారు కొన్న సంసారులకు సంఘమేదీ?

నా బాధ పన్ను కట్టవలసి వచ్చిందని కాదు. ట్రంకు రోడ్డు పక్కన డాబా మీద తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి ఏ రంగుకొస్తుందో నాకు తెలుసు. మా అమ్మ కట్టెల పొయ్యి పొగకు కళ్ళు పోగొట్టుకున్నంత పని చేసింది. పొగకు ఎవరో ఒకరు ధర చెల్లించవలసిందే. కానీ మన గ్రీన్ టాక్స్ బండి పుట్టిన తేదీ అడుగుతుందే గాని, ఎంత పొగ వదులుతోందని అడగదు. నెలకు రెండుసార్లు నెల్లూరు వెళ్ళొచ్చే మా బండికీ, పొద్దస్తమానం తిరిగే ఇంకొకరి పాత కారుకీ ఒకటే లెక్క. మిలాన్ వాళ్ళు చేసినట్టు పొగను బట్టి వేస్తే న్యాయంగా ఉండదూ? పాత బండి తుక్కుకిచ్చి కొత్తది కొంటే పన్నులో 25 శాతం దాకా తగ్గించవచ్చని కేంద్రం 2021లో నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ కొత్తది కొనలేకనే కదా మనం పాతది కొన్నాం!

ఆ న్యాయం జరిగేదాకా మన జాగ్రత్తలో మనం ఉండాలి. ఇంట్లో పాత కారు బేరం వస్తే ముందు ఆర్సీ చేతికి తీసుకోండి. రిజిస్టరయిన తేదీ చూసి, 15 ఏళ్ళకు ఎంత దూరం, 20 ఏళ్ళకు ఎంత దూరం అని వేళ్ళమీద లెక్కవేయండి. రాబోయే ఖర్చును ధరలోంచి తగ్గించమని నిర్మొహమాటంగా అడగండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా, పాత బకాయిలేమైనా ఉన్నాయా అని చూడండి. కూరగాయల దగ్గర రూపాయికి గీచిగీచి బేరమాడే మనం, 90 వేల దగ్గర నోరు మూసుకుని కూర్చోవడమేమిటండీ?

మా అత్తగారు మాత్రం అంతా విని, "పదిహేనేళ్ళ దానికే అంత పన్నయితే డెబ్భై ఎనిమిదేళ్ళ నాకెంత వేస్తారే?" అని నవ్వింది. ఆవిడ నెల్లూరు ప్రయాణాలు ఆగలేదు. మేము డబ్బు కట్టేశాం.