షెర్లాక్ హోమ్స్ అభిమానుల విమర్శ

షెర్లాక్ హోమ్స్ అభిమానుల విమర్శ అనేది బ్రిటిష్ రచయిత సర్ ఆర్థర్ కోనన్ డాయిల్ సృష్టించిన అపరాధ పరిశోధకుని కథలను పాఠకులే శ్రద్ధగా పరిశీలించి, వాటిలోని లోపాలను ఎత్తిచూపి, కొత్త అర్థాలు చెప్పే సంప్రదాయం. ఇది 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇంగ్లాండులో మొదలై అమెరికాలో విస్తరించింది. ప్రచురితమైన కథపై పాఠకునికి ఎంత అధికారం ఉంటుందనే ప్రశ్న దీని చరిత్ర అంతటా కనిపిస్తుంది.

నేపథ్యం

హోమ్స్ తొలిసారిగా 1887లో "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్" నవలలో కనిపించాడు. 1891 నుండి "స్ట్రాండ్" మాసపత్రికలో వచ్చిన కథలు అతనికి విశేష కీర్తి తెచ్చాయి. తన చారిత్రక నవలలకే ఎక్కువ విలువ ఇచ్చిన డాయిల్, 1893లో "ది ఫైనల్ ప్రాబ్లం" కథలో హోమ్స్ స్విట్జర్లాండులోని జలపాతంలో పడి మరణించినట్లు వ్రాశాడు. పాఠకులు నిరసన లేఖలు పంపారు. హోమ్స్ నిజానికి మరణించలేదని చెబుతూ 1903లో డాయిల్ అతనిని తిరిగి రప్పించాడు. 1927 నాటికి మొత్తం 4 నవలలు, 56 కథలు వెలువడ్డాయి.

విమర్శ పద్ధతి

నలభై సంవత్సరాల పాటు వ్రాసిన ఈ కథలలో పరస్పర విరుద్ధమైన వివరాలు ఉన్నాయి. కథకుడైన డాక్టర్ వాట్సన్‌కు యుద్ధంలో తగిలిన గాయం మొదటి నవలలో భుజానికి, రెండవ నవలలో కాలికి ఉంటుంది. అతని పేరు జాన్ కాగా, ఒక కథలో భార్య జేమ్స్ అని పిలుస్తుంది.

ఇటువంటి చోట్ల రచయిత పొరబడ్డాడని అభిమానులు సరిపెట్టుకోరు. హోమ్స్, వాట్సన్ నిజంగా జీవించారనీ, కథలు వ్రాసినది వాట్సనేననీ, డాయిల్ వాటిని ప్రచురణకు చేర్చిన ప్రతినిధి మాత్రమేననీ భావించి కారణాలు వెదకుతారు. దీనిని వారు "ఆట" అంటారు. వాట్సన్ పేరులోని "హెచ్" అనే పొడి అక్షరం "హేమిష్"ను సూచిస్తుందనీ, అది జేమ్స్‌కు స్కాట్లాండ్ రూపమనీ రచయిత్రి డొరొతీ సేయర్స్ వాదించింది.

చరిత్ర

1911లో ఆక్స్‌ఫర్డ్‌లో రొనాల్డ్ నాక్స్ చదివిన వ్యాసం ఈ విమర్శకు ఆద్యమని పేరు పొందింది. బైబిలుపై పండితులు చేసే పాఠ విమర్శను హాస్యంగా అనుకరించినా, తిరిగి వచ్చిన హోమ్స్ మునుపటి హోమ్సేనా అనే గంభీరమైన ప్రశ్న అందులో ఉంది. ఈ కథలపై ఒకరు ఇంత శ్రమ పడినందుకు ఆశ్చర్యపడుతూ డాయిల్ అతనికి జాబు వ్రాశాడు.

1934లో క్రిస్టఫర్ మోర్లీ న్యూయార్క్‌లో "బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్" సంఘాన్ని స్థాపించాడు. 1941లో ఆ సంఘం విందులో రచయిత రెక్స్ స్టౌట్, వాట్సన్ స్త్రీ అని కథలలోని ఆధారాలతోనే వాదించి సభ్యులను కలవరపెట్టాడు. అయితే ఆ సంఘంలో చిరకాలం పురుషులదే స్థానం. 1960వ దశకంలో స్త్రీలు తమ స్వంత సంఘాన్ని ఏర్పరచుకున్నారు. 1991లో గాని పాత సంఘం స్త్రీలను సాధారణ సభ్యులుగా చేర్చుకోలేదు.

కథలపై హక్కు

ఇతరులు వ్రాసిన హోమ్స్ కథలను, ఎల్లరీ క్వీన్ అనే కలం పేరుతో వ్రాసే ఇద్దరు రచయితలు 1944లో సంకలనంగా తెచ్చారు. డాయిల్ వారసుల అభ్యంతరంతో దాని పంపిణీ ఆగిపోయింది. 2013లో న్యాయవాది, హోమ్స్ వ్యాఖ్యాత లెస్లీ క్లింగర్, కొత్త కథలకు రుసుము కోరిన డాయిల్ ఎస్టేట్‌పై అమెరికాలో దావా వేశాడు. 1923కు ముందు వెలువడిన కథలలోని పాత్రలను ఎవరైనా వాడుకోవచ్చని 2014లో అప్పీలు న్యాయస్థానం నిర్ణయించింది. చివరి కథల కాపీహక్కు కూడా 2023 జనవరి 1న అక్కడ ముగిసింది.

ప్రాముఖ్యత

ఒక రచనలోని తప్పులను వెదకేవారు దానికి విరోధులే కానవసరం లేదని ఈ సంప్రదాయం తెలుపుతుంది. గాయం భుజానికా, కాలికా అని గమనించాలంటే రెండు నవలలనూ శ్రద్ధతో చదివి ఉండాలి. రచయిత విడిచిపెట్టదలచిన కథలను సజీవంగా నిలిపినది కూడా ఇటువంటి పాఠకులే.