సూపర్‌మాన్ చెప్పిన సుద్దులు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. "మొదలుపెట్టిన పని పూర్తిచెయ్యరా, తీసిన వస్తువు తీసినచోట పెట్టరా" అని మనం రోజుకి పదిసార్లు మొత్తుకున్నా పిల్లల చెవికెక్కదు. అదే మాట పక్కింటి మాస్టారు ఒక్కసారి అన్నారనుకోండి, వేదవాక్కు! ఈ రహస్యం మనకే కాదు, అమెరికాలో బొమ్మల కథల పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకీ తెలుసు. కనకనే ఆకాశంలో ఎగిరే సూపర్‌మాన్ చేత కూడా సుద్దులు చెప్పించారు.

సూపర్‌మాన్ కథలు మొదలైంది 1938లో. పుస్తకం ఖరీదు పది సెంట్లు. పిల్లలు ఎగబడ్డారు. వాళ్ళు ఎగబడేసరికి పెద్దలకి బెంగ పట్టుకుంది. 1940లో స్టెర్లింగ్ నార్త్ అనే రచయిత ఈ బొమ్మల పుస్తకాలు పసివాళ్ళ పాలిట విషమంటూ షికాగో డైలీ న్యూస్‌లో దుయ్యబట్టాడు. 1948 నాటికి కొన్ని ఊళ్ళలో బడిపిల్లల చేతనే వాటిని కుప్పపోయించి, భోగిమంట వేసినట్టు తగలబెట్టించారు.

పుస్తకం చదివేది పిల్లవాడయినా, పది సెంట్లు రావలసింది పెద్దల చేతిలోంచే కదా! 1949లో సూపర్‌మాన్ ప్రచురణకర్తలు, అంటే తరవాత డి.సి. కామిక్స్‌గా పేరుపడ్డవాళ్ళు, నేషనల్ సోషల్ వెల్ఫేర్ అసెంబ్లీ అనే సంక్షేమ సంస్థతో చెయ్యి కలిపారు. కథల మధ్య ఒక పేజీ హితబోధకి కేటాయించారు. ఆ పేజీలు రాసే బాధ్యత జాక్ షిఫ్ అనే సంపాదకుడిది. 1960ల దాకా అవి వస్తూనే ఉన్నాయి. చదువు మధ్యలో మానెయ్యకూడదనీ, గ్రంథాలయానికి వెళ్ళాలనీ, పరాయి దేశం నుంచి వచ్చిన తోటి విద్యార్థిని వెక్కిరించకూడదనీ, చేసే పని శ్రద్ధగా చెయ్యాలనీ చెప్పేవి. సూపర్‌మాన్, బాట్‌మాన్‌లతోపాటు బజ్జీ, బింకీ అనే మామూలు కుర్రాళ్ళు కూడా వాటిలో కనిపించేవారు. బజ్జీ అంటే మన మిరపకాయ బజ్జీ కాదు సుమా, ఆ అబ్బాయి పేరే అది!

ఒక్క పేజీలోనే కుర్రాడు తప్పు చెయ్యాలి, తెలుసుకోవాలి, దిద్దుకోవాలి. మన ఇళ్ళలో అంత తొందరగా అయితే ఇంకేం! పైగా కనురెప్పపాటులో కొండలెత్తేవాడు "ఓపిగ్గా పనిచెయ్యి నాయనా" అంటే నమ్మేదెలా? పనిమనిషీ వంటమనిషీ ఉన్నావిడ మనకి ఇంటిపని పాఠం చెప్పినట్టుంటుంది.

ఇంకో విడ్డూరం వినండి. ఆ సూపర్‌మాన్‌ని సృష్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు. 1938లో హక్కులన్నీ నూటముప్పై డాలర్లకి ధారపోశారు. 1947లో కోర్టుకెక్కారు. ఫలితం, ఉన్న ఉద్యోగం పోయింది, కథల మీద పేర్లు కూడా ఎగిరిపోయాయి. కోర్టుకెక్కిన రెండేళ్ళకేగా సూపర్‌మాన్ పిల్లలకి హితవు చెప్పడం మొదలుపెట్టింది! సంవత్సరానికి చెరో ఇరవై వేల డాలర్ల పింఛనూ, కథల మీద తిరిగి పేర్లూ వాళ్ళకి దక్కింది 1975లో. కష్టపడితే ఫలితం ఉంటుందని పిల్లలకి చెప్పడం తేలికే. కష్టపడ్డవాళ్ళకి ఆ ఫలితం చేతిలో పెట్టడానికే మనసు రాదు.

పోనీ ఆ సుద్దులు పెద్దల బెంగ తీర్చాయా అంటే అదీ లేదు. 1954లో ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు ఈ కథల మీద ధ్వజమెత్తుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. సెనేట్ విచారణ జరిగింది. ఆఖరికి ప్రచురణకర్తలే ఒక నియమావళి పెట్టుకోవలసి వచ్చింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బొమ్మలు పని నేర్పలేవని కాదు. అమెరికా సైన్యంలోనే నేర్పాయి. విల్ ఐస్నర్ అనే చిత్రకారుడు రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరాడు. లావుపాటి మాన్యువల్ పుస్తకాలు ఇస్తే సిపాయిలు చదవరు, జీపులేమో పాడైపోతున్నాయి. అందుకని ఆయన బొమ్మలేశాడు. 1951లో ఇందుకోసమే ఒక మాసపత్రిక వచ్చింది, పేరు పి.ఎస్. 1971 దాకా దాని బొమ్మల బాధ్యత ఆయనదే. అందులో జో డోప్ అనే సిపాయి ఒట్టి అజాగ్రత్త మనిషి. యంత్రాల సంగతి విడమరిచి చెప్పేది కానీ రాడ్ అనే అమ్మాయి. ఇంజనులో పిస్టన్ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ నుంచి ఆ పేరు పుట్టించారు. ఆమెని సినిమా తారలా దిద్దిన మాట నిజమే, సిపాయిల కళ్ళు పేజీ మీద నిలవాలి కదా! అయినా ఆమె ఊరికే నీతులు చెప్పదు. ఈ నట్టు ఇలా బిగించు, ఇక్కడ గ్రీజు పెట్టు, పెట్టకపోతే ఇదిగో ఇలా అరుగుతుంది అని బొమ్మలో చూపిస్తుంది. ఎందుకో తెలిస్తే ఎవరయినా చేస్తారు.

మా అమ్మ కూడా అంతే. ప్రతి శనివారం కుట్టుమిషన్ మూత తీసి ఆయిల్ వేసేది. నాకు చెయ్యమని ఏనాడూ చెప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏ చుక్క ఎక్కడ పడాలో చూపించేదంతే. నలభై ఏళ్ళయింది, ఆ మిషన్ ఇంకా కుడుతోంది.

మొన్న శనివారం నేను మూత తీసేసరికి మనవడు వచ్చి, "ఇక్కడెందుకు వెయ్యాలి అమ్మమ్మా?" అన్నాడు. బొమ్మల పుస్తకం చదువుతూ మధ్యలో లేచి వచ్చాడు. పుస్తకం కుర్చీలోనే బోర్లా పడి ఉంది. తీసినచోట పెట్టమని నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆయిల్ డబ్బా వాడి చేతికిచ్చాను.