హారాన్ని అకరణీయం చేయడం

భిన్నం విలువ మారకుండా హారంలోని వర్గమూలాన్ని తొలగించే బీజగణిత పద్ధతి ఇది. తెలుగు విద్యార్థులు తొమ్మిదో తరగతిలో నేర్చుకుంటారు. ఈ పేరులోని 'కరణి' అన్న మాట మాత్రం యజ్ఞవేదికల కొలతల్లో పుట్టింది.

ఆ కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో చతురస్రాన్ని ఏర్పరిచే భుజమే కరణి. రెట్టింపు వైశాల్యానికి ద్వికరణి (√2), మూడు రెట్లకు త్రికరణి (√3), మూడో వంతుకు తృతీయకరణి (1/√3). ఈ చివరిదాన్ని ఎలా రాబట్టాలి? త్రికరణిపై చతురస్రం గీసి తొమ్మిది భాగాలు చేయమన్నాడు శుల్బసూత్రకారుడు ఆపస్తంబుడు. ఒక్కో భాగం భుజం √3/3. మనం నేడు హారం నుంచి √3ను తప్పించి రాసే రూపం సరిగ్గా ఇదే. ఆయన దాన్ని తాడుతో నేలమీద చూపించాడు.

గ్రీకు గణితంలో యూక్లిడ్ పదో పుస్తకం చివర్లో హారం నుంచి మూలాన్ని తొలగించే భావమే రేఖల భాషలో ఉంది.

రెండు కరణుల (వర్గమూలాల) మొత్తం హారంలో ఉంటే ఏం చేయాలో బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పాడు: హారంలో ఒక కరణి గుర్తు మార్చి, అలా మారిన హారంతో లవహారాలు రెంటినీ గుణించాలి. హారంలో ఒకే పదం మిగిలేదాకా అలాగే చేయాలి. పన్నెండో శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' గ్రంథంలో దీన్ని లెక్క కట్టి చూపాడు. √9+√450+√75+√54ను √18+√3తో భాగించాలి. √18−√3తో గుణిస్తే హారం 18−3, అంటే 15, కరణి రూపంలో √225. లవంలో పదాలు ఒకదానికొకటి కొట్టుకుపోయి √5625+√675 మిగులుతుంది. భాగిస్తే √25+√3, అంటే 5+√3. ఎంత చిక్కుగా మొదలై ఎంత శుభ్రంగా తేలిందో!

చేతిలెక్కల కాలంలో దీని అవసరం తీవ్రంగా ఉండేది. 1/√2 కావాలంటే 1ని 1.41421తో భాగించాలి; అడుగడుగునా పెద్ద గుణకారమే. √2/2 అయితే 1.41421లో సగం, 0.7071, నోటిలెక్క.

క్యాలిక్యులేటర్ వచ్చాక ఆ శ్రమ పోయింది గానీ పద్ధతి విలువ పోలేదు. కొన్నిచోట్ల తిరగేసి వాడాలి. √100000001−√100000000 లెక్క కట్టమంటే తొమ్మిది అంకెల యంత్రంలో రెండు మూలాలూ 10000గానే కనిపించి జవాబు సున్నా వస్తుంది. లవాన్ని అకరణీయం చేసి 1/(√100000001+√100000000)గా రాస్తే అదే యంత్రం 1/20000, అంటే 0.00005 ఇస్తుంది.