టెర్రేరియం ఆర్కిడ్లకు గాలి ప్రసరణ
గాజుపెట్టెలో పెంచే ఆర్కిడ్లకు తేమ ఎంత ముఖ్యమో కదిలే గాలీ అంతే ముఖ్యం. ఉష్ణమండల ఆర్కిడ్లలో చాలావరకు చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతాయి. వాటి వేళ్లు మట్టిలో కాక గాలిలో ఉంటాయి. వేరు చుట్టూ ఉండే వెలామెన్ అనే స్పాంజి పొర వాననీటిని త్వరగా పీల్చుకుంటుంది, ఆ తర్వాత ఆరాలి. ఆరకపోతే వేరు కుళ్లుతుంది. ఆకుల మొదట్లో నీరు నిలిస్తే బాక్టీరియా చేరి మొవ్వునే చంపేస్తుంది.

19వ శతాబ్దంలో లండన్ వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్ ప్రచారంలోకి తెచ్చిన మూత ఉన్న గాజుపెట్టెలు చలి, పొగ నిండిన ఆ ఊరికి తగినవి. విశాఖపట్నంలోని కంచరపాలెం సంగతి వేరు. విశాఖ గాలిలో సముద్రపు తేమ ఎలాగూ ఉంటుంది. ఇక్కడ పూర్తిగా మూసిన పెట్టె మొక్కను ఉడికిస్తుంది. పైన జాలీ, ఒక పక్క అడుగున సన్నని సందు ఉంచితే వేడిగాలి పైకి పోయి కొత్తగాలి కిందినుంచి వస్తుంది. లోతైన పెట్టెకు కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను చాలు. దాన్ని మొక్కవైపు కాక గాజుగోడవైపు తిప్పాలి. ఆకు కదిలీ కదలనట్టుంటే సరిపోతుంది. రాత్రి కూడా ఆపకూడదు. వాండా, ఫలనాప్సిస్ వంటివి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకునేది ప్రధానంగా అప్పుడే. నీళ్లు మాత్రం ఉదయమే చల్లాలి.

1795లో విలియం రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో వర్ణించిన వాండా టెస్సెలేటా తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది. దాన్ని గాజులో ఇరికించవద్దు. కిటికీ దగ్గర వేలాడదీయాలి, అదీ అడవి నుంచి పీకిన మొక్క కాక నర్సరీలో పెంచినదై ఉండాలి.